సొంత ముద్రా, ఎడతెగని ప్రయోగమా? చిత్రకారులు ఎంచుకునే ముందు చూడవలసినవి

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో లలితకళల కోర్సు ముగించుకొని బయటికి వచ్చిన చిత్రకారులకు మొదటి ఏడాదిలోనే ఒకదానితో ఒకటి పొసగని రెండు సలహాలు ఎదురవుతాయి. గ్యాలరీ నడిపేవారు పోర్ట్‌ఫోలియో తిరగేసి, ఇవన్నీ ఒక్క చేతి పనిలా కనిపించడం లేదని పెదవి విరుస్తారు. అదే పోర్ట్‌ఫోలియోలో కాస్త ఒకేలా ఉన్న నాలుగు బొమ్మలు కంటపడగానే గురువుగారు, ఇంత చిన్న వయసులోనే మూసలో పడితే ఎలాగని మందలిస్తారు. ఇద్దరూ మేలు కోరే చెబుతున్నారు, ఇద్దరి మాటలోనూ నిజముంది. గ్యాలరీ అమ్మకం గురించి ఆలోచిస్తోంది, గురువు ఎదుగుదల గురించి ఆలోచిస్తున్నారు. వినేవారికి మాత్రం రెండూ కావాలి.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. చదువు ముగిసిన తొలి పదేళ్లలో ప్రయోగానికే ఎక్కువ చోటు ఇవ్వాలి, అయితే ఆ ప్రయోగానికి హద్దులు ఉండాలి. పత్రికలకూ పుస్తకాలకూ బొమ్మలు వేసి నెలనెలా ఇల్లు గడుపుకోవలసినవారికి ఈ మాట వర్తించదు. చూడగానే గుర్తుపట్టే గీతను వారు త్వరగా స్థిరపరచుకోవడమే మంచిది. ఈ రెండు తీర్పులకూ కారణాలు చెప్పాలంటే, శైలి అని మనం ఒక్క ఊపులో అనేసేది నిజానికి ఏమేమి కలిస్తే ఏర్పడుతుందో ముందు చూడాలి.

ఒక చిత్రం ఫలానావారిదని దూరం నుంచే చెప్పగలుగుతున్నామంటే, అందుకు ఆనవాళ్లు అనేకం. ఏ మనుషులను, ఏ వస్తువులను గీస్తున్నారన్నది ఒక ఆనవాలు. గీత నడిచే తీరు, రంగులను పక్కపక్కన పెట్టే పద్ధతి, ఖాళీ వదిలే అలవాటు మరొకటి. నూనెరంగులా, ఎచింగా (లోహపు రేకు మీద గీసి కాగితం మీదికి అచ్చు తీసే పద్ధతి), మట్టా అన్న మాధ్యమం ఇంకొకటి. ముద్ర కోసం తొందరపడేవారు వీటన్నింటినీ ఒకేసారి బిగించేస్తారు. ప్రయోగం మీద మోజు పడినవారు అన్నింటినీ ఒకేసారి వదిలేస్తారు. అసలు ఎంపిక ఏది స్థిరంగా ఉంచాలి, ఏది కదలనివ్వాలి అన్న దగ్గర ఉంది.

తెలంగాణకు చెందిన ఇద్దరు చిత్రకారుల పనిని పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. కె. లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఇద్దరూ హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివారు, ఇద్దరూ కొన్నేళ్ల తేడాతో బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు, ఇద్దరి బొమ్మల్లోనూ తమ పల్లెల మనుషులే ఉంటారు. అయినా వారు నడిచిన దారులు వేరు. వైకుంఠం చిత్రాల్లో నిండైన దేహం, నల్లని మేని ఛాయ, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముదురు రంగు చీర, ఒంటి నిండా నగలు ఉన్న తెలంగాణ స్త్రీ దశాబ్దాలుగా కొనసాగుతోంది. ఎరుపూ పసుపూ కుంకుమరంగూ కలపకుండా, పలచన చేయకుండా నేరుగా కంటికి తగిలే తీరు, గట్టిగా చుట్టి వచ్చే రేఖ, ఒక పక్కకు తిరిగిన ముఖం, ఇవన్నీ కలిసి గుమ్మంలో నిలబడిన ప్రేక్షకుడికి కూడా చిత్రకారుడి పేరు చెప్పేస్తాయి. ఆ స్త్రీ ఆయనకు కళాశాల పట్టాతో పాటు దొరకలేదన్నది గమనించాలి. బరోడాలో ఆధునిక చిత్రకళ చదువుకొని వచ్చి, తన ఊరివారిని పెన్సిల్‌తోనూ బొగ్గుతోనూ పదేపదే గీసుకున్న తరువాత నిలదొక్కుకున్న రూపం అది.

లక్ష్మాగౌడ్ అలా ఒక్క రూపం దగ్గర ఆగలేదు. లోహపు రేకు మీద సన్నని గీతలతో చేసిన ఎచింగులు ఆయనకు పేరు తెచ్చాయి. పల్లె స్త్రీపురుషులు, మేకలు, చెట్లు, కామాన్ని దాచుకోని దేహాలు వాటి నిండా ఉంటాయి. ఆ తరువాత నీటిరంగులు, పాస్టెల్, గాజు మీద చిత్రాలు, టెర్రకోట (కాల్చిన మట్టి), కంచు అంటూ ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళుతూనే వచ్చారు. లోహపు రేకు మీద సూదితో గీసిన గీతకూ, తడిమట్టి మీద గీరిన గీతకూ ఒకే స్వభావం ఉండదు కాబట్టి మాధ్యమం మారినప్పుడల్లా ఆయన చేతికి కొత్త పని పడింది. వస్తువు మాత్రం కదలలేదు. అందుకే టెర్రకోట తలను చూసినవారు కూడా ఎచింగులను గుర్తు తెచ్చుకోగలుగుతారు.

వీరి గురువైన సుబ్రహ్మణ్యన్ స్వయంగా కుడ్యచిత్రాలు, టెర్రకోట ఫలకాలు, పిల్లల ఆటబొమ్మలు, గాజు వెనుక వేసే చిత్రాలు అన్నీ చేసినవారు. అటువంటి గురువు దగ్గర చదివినవారిలో ఒకరు ఒకే రూపాన్ని పట్టుకున్నారంటే, శిక్షణ ఈ ఎంపికను ముందే తేల్చేయదన్నమాట. వైకుంఠం వస్తువునూ రేఖనూ రంగునూ నిలుపుకున్నారు. లక్ష్మాగౌడ్ వస్తువును నిలుపుకొని మిగతావాటిని కదలనిచ్చారు. నా దృష్టిలో రెండవది ఎక్కువమందికి సరిపడే నమూనా, ఎందుకంటే అందులో గుర్తింపు పోదు, చేయి మొద్దుబారదు.

ఇక లాభనష్టాలకు వస్తే, స్థిరమైన శైలికి ఉన్న మొదటి లాభం బతుకుతెరువు. దీనిని తక్కువగా చూసేవారు సాధారణంగా వేరే ఆదాయం ఉన్నవారై ఉంటారు. ఒక సంపాదకుడు కథకు బొమ్మ వేయమని ఇలస్ట్రేటర్‌ను అడిగినప్పుడు, ఆయన కొంటున్నది ఇంకా పుట్టని బొమ్మను. అది ఎలా ఉండబోతుందో ఊహించుకోవడానికి ఆయన దగ్గర ఉన్న ఆధారం పాత బొమ్మలు మాత్రమే. అవి ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉంటే ఆయన వెనకాడతాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. తెలుగు పాఠకులకు ఈ విషయం విడమరిచి చెప్పనక్కరలేదు. వడ్డాది పాపయ్య (1921–1992) వేసిన చందమామ ముఖచిత్రాన్ని మూలనున్న ‘వపా’ సంతకం చూడకముందే పోల్చుకున్న తరాలు ఉన్నాయి. బాపు (1933–2014) గీతనే కాదు, ఆయన చేతిరాతను కూడా జనం గుర్తుపట్టారు, అది కంప్యూటర్ ఫాంటుగా మారి శుభలేఖల దాకా వెళ్లింది.

బాపు విషయంలో ఇలస్ట్రేటర్లు నేర్చుకోవలసినది గుర్తింపు ఒక్కటే కాదు. అదే గీతతో ఆయన కార్టూనూ వేశారు, రామాయణ ఘట్టమూ వేశారు, నవల ముఖచిత్రమూ వేశారు. హాస్యానికి వంకర తిరిగే రేఖ భక్తికి నిదానించేది. వృత్తిగా బొమ్మలు వేసేవారు తమ శైలిని స్థిరపరచుకునేటప్పుడు వేసుకోవలసిన పరీక్ష ఇదే: ఈ గీత ఏడుపు ఇంటినీ మోయగలదా, పెళ్లి ఇంటినీ మోయగలదా? ఒక్క రసానికి మాత్రమే పనికివచ్చే శైలి ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ రకం కథలు తగ్గిపోయిన రోజున దానితో పాటు పనీ తగ్గుతుంది.

రెండవ లాభం లోతు. ఇటలీలోని బొలోన్యాలో జీవితమంతా గడిపిన చిత్రకారుడు జార్జో మొరాందీ (1890–1964) ప్రధానంగా సీసాలు, గిన్నెలు, కూజాలు గీశాడు. వినడానికి విసుగ్గా ఉంటుంది. కానీ రెండు సీసాల మధ్య ఉన్న సందు ఒక వేలు వెడల్పు తగ్గితే చిత్రం మొత్తం ఎలా బిగుసుకుంటుందో, వెనుక గోడ రంగు కాస్త వెచ్చబడితే ముందున్న కూజా ఎలా వెనక్కి జరుగుతుందో చూపడానికి ఆయనకు అంత కాలమూ పట్టింది. వస్తువు మారకపోవడం వల్లనే ఆ సూక్ష్మమైన మార్పులు మన కంటికి ఆనాయి. బయటికి పరమ స్థిరంగా కనిపించే ఇటువంటి పనిలో ఎంత ప్రయోగం జరుగుతుందో, ఏడాదికో వాదం మార్చే చాలామంది పనిలో అంత జరగదని నేను అనుకుంటాను.

అయితే స్థిరమైన శైలి అడిగే మూల్యం కూడా తక్కువది కాదు. కొనుగోలుదారుడు పోయినసారి స్నేహితుడి ఇంట్లో చూసిన బొమ్మలాంటిదే అడుగుతాడు, గ్యాలరీ కూడా అదే కావాలంటుంది, వద్దనడానికి చిత్రకారుడి దగ్గర బలమైన కారణమేదీ ఉండదు. కొన్నాళ్లకు చేయి తనంతట తాను బొమ్మ వేసేస్తుంది, మనసుతో పని ఉండదు. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా 1950లో పారిస్ వెళ్లి, అక్కడ ఏళ్ల తరబడి భూదృశ్యాలు వేసి, 1980 ప్రాంతంలో బిందువు దగ్గరికి, అంటే చిత్రానికి కేంద్రంగా నిలిచే వృత్తం దగ్గరికి చేరారు. ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా ఆయన పేరు చెబితే బిందువే గుర్తుకు వచ్చేంతగా అది స్థిరపడింది. చివరి దశలోని బిందువులన్నింటిలోనూ తొలి బిందువుల్లోని ఉద్రిక్తత నాకు కనిపించదు. అదే సమయంలో, అంతకు ముందరి మూడు దశాబ్దాల వెతుకులాట లేకుండా ఆ వృత్తం అంత బరువుగా నిలబడేదే కాదన్నది కూడా ఒప్పుకోవాలి.

ఇంకొక నష్టం నకిలీలు. గుర్తుపట్టడానికి తేలికైనది అనుకరించడానికీ తేలికే. జామినీ రాయ్ (1887–1972) కలకత్తాలో పాశ్చాత్య పద్ధతిలో రూపచిత్రాలు వేయడం నేర్చి, దానిని పక్కనపెట్టి, బెంగాలు జానపద పటచిత్రాల నుంచి గట్టి రేఖలూ చదునైన రంగులూ తెచ్చుకొని తన శైలిని నిర్మించుకున్నారు. తన బొమ్మలు మామూలు ఇళ్లకు చేరాలని ఇంట్లోవారి చేయి కూడా కలుపుకొని పెద్ద సంఖ్యలో వేసి తక్కువ ధరకు అమ్మారు. ఆయన ఉద్దేశం గొప్పదే, కానీ ఇవాళ మార్కెట్లో జామినీ రాయ్ పేరుతో తిరిగే బొమ్మల్లో ఏది అసలైనదో తేల్చడం నిపుణులకే తలనొప్పి. ఇప్పుడు దీనికి బొమ్మలు తయారుచేసే కృత్రిమ మేధ (ఏఐ) తోడయింది. 2025 మార్చిలో జనం తమ ఫొటోలను జపాన్‌లోని యానిమేషన్ సినిమాల సంస్థ జిబ్లీ స్టూడియో తీరులోకి మార్చుకొని పంచుకున్న ఉధృతి గుర్తుండే ఉంటుంది. పైపై లక్షణాలకే పరిమితమైన శైలిని అలా క్షణాల్లో దింపేయడం సాధ్యమని అది చూపించింది. రంగుల పట్టికా ముఖాకృతీ తప్ప వేరే ఆనవాలు లేని శైలిని ఇవాళ కొత్తగా నిర్మించుకోవడం తెలివైన పని కాదు.

ప్రయోగం వైపు చూస్తే, దాని లాభాన్ని అందరూ ఒప్పుకుంటారు, నష్టాన్నే సరిగా లెక్కవేయరు. పాకాల తిరుమల్ రెడ్డి (1915–1996) బొంబాయి జె.జె. స్కూల్లో చదివారు, 1941లో అక్కడి యువ చిత్రకారుల బృందాన్ని కూడగట్టినవారిలో ముఖ్యులు. వాస్తవిక రూపచిత్రాలు, భూదృశ్యాలు, ఆధునిక ఐరోపా పోకడలు, తాంత్రిక చిహ్నాలు, ప్రింట్లు, శిల్పాలు అన్నింటిలోనూ పనిచేశారు. అంత విస్తృతి ఉన్న పి.టి. రెడ్డిని ఒక్క వాక్యంలో పరిచయం చేయమంటే మాత్రం ఎవరికైనా కష్టమే. తెలుగు ఇళ్లలో బాపు పేరు తెలిసినంతగా ఆయన పేరు తెలియకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటని నా అనుమానం. ప్రయోగశీలుల పనిని చూపడానికి పెద్ద గోడ కావాలి, ఓపిక ఉన్న చూపరి కావాలి, అన్నింటినీ కలిపి చూపించే సమగ్ర ప్రదర్శన కావాలి. ఈ మూడూ బతికుండగా దొరకడం అరుదు.

మార్పు ఎప్పుడు వస్తుందన్నది కూడా చూసుకోవాలి. తెలుగు చిత్రకారుడు సూర్యప్రకాశ్ (1940–2019) తొలిరోజుల్లో పాడైన మోటారు వాహనాల తుక్కును ఒక వరుసగా చిత్రించి పేరు తెచ్చుకున్నారు. తరువాత పూర్తిగా ప్రకృతి వైపు తిరిగి, కొలనులు, ఆకులు, నీటి మీది నీడలు వేశారు. తుప్పు రంగుల నుంచి నీటి వెలుగుకు జరిగిన ఆ ప్రయాణం నెమ్మదిగా, చూపరిని వెంట తీసుకొని జరిగింది. దానికి పూర్తిగా భిన్నమైనది అమెరికా చిత్రకారుడు ఫిలిప్ గస్టన్ అనుభవం. నైరూప్య చిత్రకారుడిగా, అంటే గుర్తుపట్టే ఆకారాలు లేకుండా వేసేవాడిగా స్థిరపడిన ఆయన 1970లో న్యూయార్కులోని మార్ల్‌బరో గ్యాలరీలో ముసుగు మనుషులు, బూట్లు, సిగరెట్లు నిండిన కార్టూన్‌లాంటి చిత్రాలు పెట్టాడు. విమర్శకులు విరుచుకుపడ్డారు, దగ్గరి స్నేహితుడైన సంగీతకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ దూరమయ్యాడు. ఇప్పుడు ఆయన పనిలో తరువాతి తరాలను ఎక్కువగా ప్రభావితం చేసినవి ఆ చిత్రాలేనని చెబుతారు. ఈ ఉదాహరణను చాలామంది ధైర్యవచనంగా వాడుతుంటారు కానీ, అప్పటికి గస్టన్ వయసు 57, వెనుక దశాబ్దాల పేరు ఉంది. ఇరవై అయిదేళ్లవారికి ఆ నష్టాన్ని తట్టుకునే బలం ఉండదు, అలాగే పోగొట్టుకోవడానికి అంత పేరూ ఉండదు.

ఎవరికి ఏది నప్పుతుందో ఇప్పుడు చెప్పవచ్చు. విద్యార్థి దశలోనూ ఆ వెంటనే వచ్చే ఏళ్లలోనూ ప్రయోగానికి ఖర్చు తక్కువ, ఎందుకంటే కళాశాలలో ఎచింగ్ ప్రెస్సూ కొలిమీ ఉచితంగా అందుబాటులో ఉంటాయి, బయటికి వచ్చాక వాటిని సమకూర్చుకోవడం భారం. కాబట్టి ఆ సౌకర్యం ఉన్నప్పుడే అన్ని మాధ్యమాలనూ తాకి చూడాలి. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు బొమ్మలు వేసుకునేవారికి అమ్మకం ఒత్తిడి లేదు గానీ సమయం తక్కువ. వారు మాధ్యమాలు మారుస్తూ పోతే ప్రతిసారీ పరికరాలతో పరిచయం పెంచుకోవడానికే కాలం చెల్లిపోతుంది. వారికి నా సలహా, ఒక్క మాధ్యమాన్ని ఎంచుకొని వస్తువును స్వేచ్ఛగా మార్చుకొమ్మని. గ్యాలరీల ద్వారా అమ్ముకునేవారికి దీనికి తలకిందులైన సలహా పనికివస్తుంది: వస్తువును నిలిపి మాధ్యమాన్ని మార్చడం, లక్ష్మాగౌడ్ చేసినట్టు. శ్రీకాళహస్తి కలంకారీ, చేర్యాల నకాశీ వంటి వంశపారంపర్య కళల్లో ఉన్నవారికి శైలి పుట్టుకతోనే వస్తుంది. అక్కడ కొత్త కథలను, కొత్త పరిమాణాలను తీసుకురావడమే ప్రయోగం. రేఖనూ రంగునూ కూడా వదిలేస్తే కొనేవారికి అది చేర్యాల బొమ్మగా కనిపించదు.

సామాజిక మాధ్యమాల గురించి ఒక్క మాట. ఇన్‌స్టాగ్రామ్‌లో తొమ్మిది గడుల్లో ఒకే రంగులు కనిపిస్తే అనుచరులు పెరుగుతారన్న సలహా వినిపిస్తూ ఉంటుంది. అది నిజమే కావచ్చు. కానీ అక్కడ స్థిరపడేది చాలాసార్లు ఫోను తెరమీద కనిపించే రంగుల అమరికే తప్ప శైలి కాదు. కాన్వాసు ముందు నిలబడినప్పుడు కనిపించే పొరలు, గరుకుదనం, పరిమాణం అక్కడ లెక్కలోకి రావు. ఆ గడుల కోసం మూడేళ్లు ఒకే రకం బొమ్మలు వేసినవారికి మొదటి ప్రదర్శనలో ఆ బొమ్మలు గోడ మీద తేలిపోయినట్టు అనిపించే ప్రమాదం ఉంది.

హద్దులు పెట్టుకున్న ప్రయోగం అని మొదట్లో అన్నాను. ఆచరణలో దానికి తేలికైన పద్ధతి వరుసగా పనిచేయడం. ఒక వస్తువును తీసుకొని, దానిపై పదో పన్నెండో బొమ్మలు వేయాలని నిర్ణయించుకొని, వరుసకు ఒక్క అంశాన్ని మాత్రమే మార్చాలి. ఉదాహరణకు, వీధి చివరి ఇస్త్రీబండిని తీసుకున్నారనుకుందాం. మొదటి వరుసలో పెన్సిల్‌తో రేఖ మాత్రమే, రెండవ వరుసలో అదే కూర్పుకు రెండు రంగులు మాత్రమే, మూడవ వరుసలో అదే రంగులతో పరిమాణం పెంచి. అన్నీ ఒకేసారి మార్చితే బొమ్మ బాగున్నా ఎందుకు బాగుందో తెలియదు, చెడినా ఎక్కడ చెడిందో తెలియదు. ప్రతి బొమ్మ వెనుక తేదీ రాసిపెట్టుకోవాలి. ఏడాది తరువాత వాటిని నేల మీద పరచి చూసినప్పుడు, తెలియకుండానే పదేపదే వచ్చిన వంపు, రంగు, ఖాళీ ఏవో కళ్లకు కడతాయి. సంతకాలను కాగితంతో మూసి, ఆ బొమ్మలను మరొకరి బొమ్మలతో కలిపి, ఈ రంగంతో సంబంధం లేని వ్యక్తికి చూపించి విడదీయమని అడగండి. ఆ వ్యక్తి దేని ఆధారంగా విడదీశారో అడిగితే, అది మీరు అనుకున్న ఆనవాలు కాకపోవచ్చు, కానీ దానినే నమ్మాలి.

ఇప్పటికే ఒక శైలితో పేరు, కొనుగోలుదారులు ఉండి, దానిలో ఊపిరి ఆడక మార్పు కోరుకుంటున్నవారు పాత పనిని ఒక్కసారిగా ఆపేయనక్కరలేదు. పాత వరుసను కొనసాగిస్తూనే వారంలో కొన్ని రోజులను ఎవరికీ చూపించని పనికి కేటాయించుకోవడం, ఆ కొత్త పని ఒక ప్రదర్శనకు సరిపడేంత పోగయ్యేదాకా గ్యాలరీతో ప్రస్తావించకపోవడం మంచిది. రెండు మూడు బొమ్మలు చూపించి అభిప్రాయం అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ పాతదాని వైపే ఉంటుంది. చూపించే రోజు వచ్చినప్పుడు పాత కొత్త బొమ్మలను ఒకే గోడ మీద కలిపి పెట్టకుండా వేర్వేరు గోడల మీద పెట్టి, రెంటికీ మధ్య ఆ మార్పు జరిగిన కాలపు స్కెచ్‌బుక్కులను తెరిచి ఉంచమని అడగాలి. ధర విషయంలో కొత్తవాటిని పాతవాటికన్నా తగ్గించి అమ్మవద్దు. తగ్గిస్తే కొనేవారు దానిని ప్రయత్నంగానే చూస్తారు, గ్యాలరీ కూడా తరువాతి ప్రదర్శనకు మళ్లీ పాతవే అడుగుతుంది.